సకురాతో మొదలు

ఈ సంచిక నుంచి ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’ అనే బొమ్మల కథను నెలనెలా కొంచెంకొంచెంగా కలిసి చదువుకుందాం. క్లాంప్ అనే మహిళా బృందం దీన్ని 1996 నుంచి 2000 దాకా ‘నకయోషి’ అనే జపాన్ బాలికల మాసపత్రికలో నడిపింది, 12 సంపుటాలైంది. నాలుగో తరగతి చదివే సకురా నాన్నగారి పుస్తకాల గదిలో ఓ పాత పుస్తకం తెరవగానే మంత్రాల కార్డులు ఊరంతా చెల్లాచెదురవుతాయి. వాటిని పట్టి తేవడం ఇక ఆమె పని.

చందమామ సీరియళ్లు చదివి పెరిగిన మనకు మంత్రాలు కొత్తేమీ కాదు. కానీ వాటిలో సాహసాలకు బయల్దేరేది చాలావరకు యువకులే. ఇక్కడ రోలర్ స్కేట్ల మీద బడికెళ్లే చిన్నపిల్ల, అదీ దయ్యాలంటే హడలిపోయే పిల్ల, తనే బయల్దేరుతుంది. నాకు మరీ నచ్చిందేమిటంటే, ఆమె దేన్నీ చంపదు. పట్టుకున్న కార్డు మీద తన పేరు రాసుకుంటుంది, అంతే!

నోయిడా ఫ్లాట్లలో పెరుగుతున్న మన ఆడపిల్లలు బొమ్మల కథలు ఇంగ్లీషులోనే చదువుతున్నారు. చదవనివ్వండి. ఆ కథల గురించిన కబుర్లు మాత్రం ఇంట్లో తెలుగులో సాగాలని మా కోరిక. అమ్మానాన్నలూ, సకురాను మీరూ చదవండి. పేజీలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఢిల్లీ వీధి బోర్డుల మీద ఉర్దూ చూసిన పిల్లలకు అదేమంత వింత కాదు.