నెమ్మెక్కిన గోడకు గాలి పరీక్ష అవసరమా?

ఈ వానకాలంలో పాఠకులు నన్ను పదేపదే అడిగిన ప్రశ్న ఒకటుంది. గోడలకు బూజు పడుతోంది, పిల్లలు దగ్గుతున్నారు, యంత్రాలు తెచ్చి ఇంటి గాలిని పరీక్షించే సంస్థలు ఇప్పుడు మన నగరాల్లోనూ ఉన్నాయట, వారిని పిలిపించమంటారా అని. అమెరికాలో స్థిరపడిన సంతానం అక్కడి అలవాటు కొద్దీ తల్లిదండ్రులకు ఈ సలహా ఇస్తున్నట్టు కొన్ని ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. నా సమాధానం సూటిగానే చెబుతాను. కంటికి బూజు కనిపిస్తున్నప్పుడు, ముక్కిన వాసన వస్తున్నప్పుడు గాలి పరీక్ష అక్కరలేదు. ఆ డబ్బును నీరు ఎక్కడినుంచి దిగుతోందో కనిపెట్టగల మేస్త్రీకి, ప్లంబరుకు ఇవ్వండి.

పరీక్షలంటే గిట్టని ముసలి వైద్యుడి చాదస్తంగా దీన్ని కొట్టివేయకండి. ఫలితం ఎటు వచ్చినా చికిత్స మారదనుకున్నప్పుడు ఆ పరీక్ష రాయకూడదన్నది మా వృత్తిలో పాత నియమం. ఇంటికీ అదే వర్తిస్తుంది. స్నానాలగది గోడ మీద నల్లని మచ్చ ఉంది. నివేదికలో అంకె ఎక్కువ వస్తే నీటి కారడం ఆపి, మచ్చ కడిగి, గోడను ఆరబెడతాం. తక్కువ వస్తే? అప్పుడు చేయవలసిందీ అదే.

ఆ పరీక్ష జరిగే తీరు తెలిస్తే నా అభ్యంతరం మరింత స్పష్టమవుతుంది. ఒక చిన్న పంపు నిమిషానికి 15 లీటర్ల చొప్పున, సాధారణంగా 5 నిమిషాల పాటు గదిలోని గాలిని పీలుస్తుంది. ఆ 75 లీటర్ల గాలి జిగురు పూసిన ఒక పలకకు తగులుతూ పోతుంది. పలకకు అంటుకున్న సిద్ధబీజాలను, అంటే బూజు వ్యాపించడానికి విడిచే సూక్ష్మమైన విత్తనాల వంటివాటిని, ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తారు. ఆ లెక్కను ఘనపు మీటరుకు, అంటే 1000 లీటర్లకు హెచ్చవేస్తారు. కనుక పలక మీద కనిపించిన ఒక్క బీజం నివేదికలో 13 అవుతుంది, పది బీజాలు 133 అవుతాయి. ఆ ఐదు నిమిషాల్లో ఎవరైనా తలుపు తీశారా, ఫ్యాను తిరుగుతోందా, కాసేపటి క్రితం గది ఊడ్చారా అన్నదాన్ని బట్టి అంకె ఎన్నో రెట్లు మారిపోవచ్చు. ఉదయం తీసిన నమూనాకు సాయంత్రం తీసినదానితో పొంతన ఉండకపోవచ్చు.

పైగా ఆస్పర్జిల్లస్, పెనిసీలియం అనే రెండు జాతుల బీజాలు సూక్ష్మదర్శినిలో ఒకేలా ఉంటాయి. అందుకే నివేదికల్లో ఆ రెంటినీ ఒకే పద్దు కింద చూపుతారు. సజీవమైనవీ, నిర్జీవమైనవీ కలిసే లెక్కకు వస్తాయి. అందరూ భయపడే నల్లబూజు స్టాకీబోట్రిస్ తడిగా ఉన్నంతకాలం జిగటగా ఉండి, గాలిలోకి సులభంగా లేవదు. ఫాల్స్ సీలింగ్ పైన అది దట్టంగా పెరిగి ఉన్నా నమూనాలో ఒక్క బీజమూ చిక్కకపోవచ్చు. గాలి బాగుందన్న కాగితాన్ని నమ్మి చెమ్మగోడ పక్కనే పిల్లలను పడుకోబెట్టే తల్లిదండ్రులను తలచుకుంటే నాకు కలిగే ఆందోళన, అనవసరపు ఖర్చు విషయంలో కలగదు.

ఇంతా చేసి వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? రక్తంలో చక్కెరకు హద్దు ఉంది, రక్తపోటుకు హద్దు ఉంది. ఇంటి గాలిలోని బూజు బీజాలకు అటువంటిది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజులపై మార్గదర్శకాలు వెలువరించినప్పుడు ఏ అంకెనూ సురక్షిత పరిమితిగా నిర్ణయించలేదు. చెమ్మను నివారించండి, బూజు పడితే తొలగించండి అన్నదే దాని సారాంశం. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు చాలా సందర్భాల్లో నమూనాలు తీయనక్కరలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా చెబుతుంది. పరిమితి లేనందువల్ల పరీక్షకులు ఇంటి బయటి గాలిని కూడా పట్టి లోపలిదానితో పోలుస్తారు. కిటికీలన్నీ బిగించుకున్న శీతల దేశపు ఇంట్లో ఆ పోలికకు కొంత అర్థం ఉండవచ్చు. శ్రావణమాసంలో, కాకినాడలో, కిటికీలు బార్లా తెరిచి ఉన్న ఇంట్లో లోపలి గాలి, బయటి గాలి అనే భేదం ఎక్కడిది? ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉండాలని, 30 నుంచి 50 మధ్య ఉంటే మేలని అదే సంస్థ సలహా. మన తీరప్రాంతంలో వానాకాలపు బయటి గాలిలోనే తేమ తరచుగా 80 శాతం దాటుతుంది.

ఈ భయానికీ, ఈ వ్యాపారానికీ ఒక చరిత్ర ఉంది. 1993, 1994 సంవత్సరాల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు పసికందులు ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో ఆసుపత్రి పాలయ్యారు. నీటిలో నానిన ఇళ్లలో పెరిగిన స్టాకీబోట్రిస్‌తో దీనికి సంబంధం ఉన్నట్టు ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రాలు మొదట నివేదించాయి. 2000లో ఆ కేంద్రాలే పరిశోధనను తిరిగి పరిశీలించి, సంబంధం రుజువు కాలేదని తేల్చాయి. అప్పటికే 'విషపు బూజు' అనే మాట జనంలోకి వెళ్లిపోయింది. 2001లో టెక్సస్‌లో బూజు పట్టిన ఒక ఇంటి వ్యవహారంలో బీమా సంస్థ 3.2 కోట్ల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తీర్పు చెప్పింది. పై న్యాయస్థానంలో ఆ మొత్తం బాగా తగ్గింది గాని, ఈలోగా పరీక్షించేవారు, శుభ్రపరిచేవారు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. (పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే గనుక ఈ పోలిక ఇక్కడ మరీ బాగా అతుకుతుంది.)

టెక్సస్ రాష్ట్రం 2003లో చట్టం చేసి ఈ వృత్తులకు లైసెన్సు విధానం తెచ్చింది. ఒక ఇంట్లో బూజును పరీక్షించిన సంస్థే అదే ఇంట్లో తొలగింపు పని చేపట్టకూడదని నిషేధించింది. డల్లాస్ పరిసరాల్లో ఇళ్లు కొంటున్న మనవారు ఈ నిబంధన తెలుసుకొని ఉండటం మంచిది. ఇక్కడ మనకు అటువంటి రక్షణ లేదు. ఉచితంగా పరీక్ష చేస్తామంటూ వచ్చినవారే గంట తిరగకముందే శుభ్రపరిచే పనికి అంచనా కాగితం చేతిలో పెడితే, ఆ పరీక్ష ఎందుకు ఉచితమో ఊహించుకోవచ్చు.

బూజును తేలికగా తీసుకోమని నేను అనడం లేదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో వెలువరించిన నివేదిక, చెమ్మ ఇళ్లకూ దగ్గు, పిల్లికూతలు, ముక్కు గొంతుల బాధలకూ, ఉబ్బసం ఉన్నవారిలో అది ఉద్ధృతం కావడానికీ సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలున్నాయని తేల్చింది. మన భాషలో గోడకు పట్టేదీ నెమ్మే, పసివాడి ఛాతీకి చేసేదీ నెమ్మే. పిల్లలకు వచ్చే న్యుమోనియాకు కారణం చాలావరకు సూక్ష్మక్రిములే అయినా, రెంటికీ ఒకే పేరు పెట్టిన పూర్వుల పరిశీలన మాత్రం తీసిపారేయదగినది కాదు.

మన దేశానికి సంబంధించి ఇంతకంటె ముఖ్యమైన సమాచారం 2017లో వెలువడింది. 19 నగరాల్లోని 27 కేంద్రాల్లో 1,084 మంది రోగులను నమోదు చేసిన అధ్యయనం అది. ఊపిరితిత్తుల కణజాలం దళసరెక్కి గట్టిపడే జబ్బుల్లో మన దేశంలో అన్నిటికంటె ఎక్కువగా, దాదాపు 47 శాతం మందిలో కనిపించినది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. బూజు, పక్షుల రెట్టలు, ఈకల ధూళి వంటివి పీల్చగా పీల్చగా కొందరి ఊపిరితిత్తులు చూపే ప్రతిచర్య ఇది. ఆ రోగుల్లో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలికి గురైనవారు. నిరుటి గడ్డిమెత్తలతోనే ఈ వేసవిలో మళ్లీ తిప్పిన కూలరు, తొట్టిలో నీరు వారాల తరబడి మార్చని కూలరు, వంటింటి కిటికీ దగ్గర గూడు కట్టుకున్న పావురాలు: ఖమ్మంలోనో, విజయవాడలోనో ఒక మధ్యతరగతి ఇంట్లో నేను ముందుగా అడిగి తెలుసుకునేవి ఇవే. వీటికి పంపు, పలక అవసరం లేదు.

ఇంకొక ప్రశ్న కూడా అడుగుతాను. ఊరు వెళ్లినప్పుడు దగ్గు తగ్గుతోందా? నా వద్దకు వచ్చే ఒక ఉపాధ్యాయినికి వేసవి సెలవుల్లో పుట్టింట ఉన్నన్నాళ్లూ ఉబ్బసం ఊసే ఉండేది కాదు, తిరిగివచ్చిన వారంలోపే మొదలయ్యేది. పడకగదిలో గోడకు ఆనించిన బీరువాను జరిపి చూడమన్నాను. వెనుక నిలువెత్తు బూజు ఉంది. ఆ గోడకు అవతల డాబా మీది వాననీటి గొట్టం పగిలి ఉంది. ఉబ్బసం ఉన్నవారికి ఆస్పర్జిల్లస్ ఎలర్జీ ఉందేమో వైద్యుని సలహాతో చర్మ పరీక్ష ద్వారానో, రక్త పరీక్ష ద్వారానో తెలుసుకోవడం ఉపయోగకరం. మూత్రంలో బూజు విషాలు వెదుకుతామనే పరీక్షల జోలికి మాత్రం పోకండి. రోగనిర్ధారణకు అవి ప్రామాణికం కావని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలే 2015లో హెచ్చరించాయి.

నిపుణుల పరీక్ష అవసరమైన సందర్భాలు లేకపోలేదు. వాసన వస్తోంది గాని చెమ్మ ఎక్కడుందో తెలియనప్పుడు తేమ కొలిచే మీటరు, ఉష్ణ చిత్రాలు తీసే కెమెరా పట్టుకొని ఇల్లంతా వెదకగల మనిషి విలువైనవాడు. అతడు వెదికేది నీటిని. గ్యాస్ గీజరు ఉన్న ఇరుకు స్నానాలగదికి కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. రంగూ వాసనా లేని ఆ వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అమెరికాలో నేలమాళిగ ఉన్న ఇల్లు కొనేవారు రేడాన్ పరీక్ష తప్పక చేయించాలి. దానికి లీటరుకు 4 పికోక్యూరీలనే స్పష్టమైన హద్దు ఉంది, అది దాటితే చేయవలసిన మరమ్మతూ నిర్దిష్టంగా ఉంది. ఎముక మజ్జ మార్పిడి రోగులను ఉంచే వార్డుల సంగతి వేరు, అక్కడ ఆస్పర్జిల్లస్ ప్రాణాంతకం.

అపార్టుమెంట్లలో నివేదిక మరొక రకంగా అక్కరకు వస్తుంది. పై అంతస్తు స్నానాలగది నీరు కింది ఇంటి పైకప్పులోకి దిగుతుంది. బాధ కింది వారిది, మరమ్మతు పై వారిది. పైవారు తమ నేల పగలగొట్టడానికి ఒప్పుకోరు, సంఘం పెద్దలు తలదూర్చరు, కిందివారు ఏడాదికోసారి రంగు వేయించుకుంటూ ఉంటారు. ఇటువంటిచోట తేమ ఎటునుంచి ఎటు దిగుతోందో చూపే ఫొటోలు, మీటరు కొలతలు, తేదీలతో కూడిన ఇంజనీరు నివేదిక పనికివస్తుంది. కొత్త ఇల్లయితే ఇంకొక మార్గముంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం, 2016 ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణంలో గాని, పనితనంలో గాని, నాణ్యతలో గాని లోపం బయటపడి దాన్ని నిర్మాణదారు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత అతనిదే. నోటిమాటగా కాక లిఖితపూర్వకంగా తెలియజేయండి.

అద్దె ఇళ్లవారి పరిస్థితి ఇంతకంటె దయనీయం. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పసివాడు 2020 డిసెంబరులో మరణించాడు. ఇంట్లోని బూజుకు దీర్ఘకాలం గురికావడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ ఇంట్లో బూజు ఉందన్న విషయం ఎవరికీ తెలియనిది కాదు, తండ్రి 2017 నుంచే ఫిర్యాదు చేస్తూ వచ్చాడు. లోపించినది మరమ్మతు. సామాజిక గృహాల్లో ఇటువంటి ప్రమాదాలను నిర్ణీత గడువులోగా సరిచేయాలంటూ ఆ బిడ్డ పేరుతోనే అక్కడ 2023లో చట్టం వచ్చింది. మన ప్రభుత్వాలు కట్టి ఇచ్చే గృహసముదాయాలకైనా అటువంటి గడువు విధించాలని నా అభిప్రాయం. పరీక్ష యంత్రాలు కొనే ముందు ఆ పని చేయవచ్చు.

ఇక శుభ్రపరచడం. నీరు ఆగకుండా గోడకు రంగు వేయడం డబ్బును గోడకు పూయడమే. తడిసిన వస్తువులను 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే బూజు పట్టదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు ఆ అవకాశమే లేకపోయింది. అలా నానిన పరుపులు, ప్లైవుడ్ అల్మరాలు, జిప్సం పలకలు ఎంత ఖరీదైనవైనా పారవేయవలసిందే. మన ఇటుక, సిమెంటు గోడ బూజుకు ఆహారం కాదు. దానిమీది రంగు, దుమ్ము, దానికి ఆనించిన చెక్క, కాగితం ఆహారం. అందుకే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మించని మచ్చను ఇంట్లోవారే సబ్బునీటితో రుద్ది కడిగి, ఫ్యాను పెట్టి ఆరబెట్టుకోవచ్చు. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారిని ఆ పూట ఇంట్లో ఉంచకండి. పొడిగా ఉన్న బూజును చీపురుతో దులపకండి, బీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. అన్నిటికంటె ముఖ్యం, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో టాయిలెట్లు కడిగే యాసిడ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి. ఆ రెంటి కలయికలో పుట్టే క్లోరిన్ వాయువు, మూసి ఉన్న స్నానాలగదిలో, బూజు ఏళ్ల తరబడి చేయలేని హానిని క్షణాల్లో చేస్తుంది.