తోబుట్టువుల మూత్రమే తొలి జన్యుపరీక్ష

చక్కెర వ్యాధి ఒకే ఈడున మొదలై, ఒకే తీరున అదుపులో ఉన్న ఇద్దరిలో ఒకరి మూత్రపిండాలు ఇరవై ఏళ్లకు దెబ్బతిని, మరొకరివి చెక్కుచెదరకుండా ఉండడానికి రక్తపోటు వంటి తెలిసిన కారణాలు పూర్తి సమాధానం చెప్పలేవు; మిగిలిన తేడాలో కొంత పాలు జన్యు వైవిధ్యానిది, అంటే ఒకే జన్యువులో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే చిన్న చిన్న భేదాలది. ఈ మాటకు సాక్ష్యం తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాకు పొరుగునే ఉంది. చెన్నై వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహంతో పాటు మూత్రపిండ వ్యాధి కూడా ఉన్నవారి తోబుట్టువులలో 50 శాతం మందికి మూత్రంలో ప్రోటీన్ పోతున్నట్లు, మరో 26.7 శాతం మందికి ఆల్బుమిన్ స్వల్పంగా పోతున్నట్లు తేలింది. మూత్రపిండాలు బాగున్న రోగుల తోబుట్టువులలో మొదటిది ఒక్కరికీ లేదు, రెండవది 3.3 శాతమే. ఆల్బుమిన్ రక్తంలోనే నిలవవలసిన ప్రోటీన్ కనుక, అది మూత్రంలోకి జారుతున్నదంటే వడపోత పొర సడలుతున్నదని అర్థం. తోబుట్టువులు జన్యువులతో పాటు వంటింటి ఉప్పునూ పంచుకుంటారు గనుక ఈ పోలికనంతా జన్యువుల ఖాతాలో వేయరాదు. అయినా ఎవరిని ముందు పరీక్షించాలన్న ప్రశ్నకు ఆ వివాదం అడ్డు రాదు.

కారణమైన జన్యువును పేరు పెట్టి చూపడం మాత్రం కష్టంగానే సాగుతోంది. ఐరోపా సంతతికి చెందిన, టైప్ 1 మధుమేహం ఉన్న 19 వేలకు పైగా వ్యక్తుల పరిశీలనలో, వడపోత పొరకు ఊతమిచ్చే కొల్లాజెన్‌కు సంబంధించిన ఒక జన్యువులోని అరుదు కాని రూపం మూత్రపిండాలను కాపాడుతున్నట్లు 2019లో వెల్లడైంది. తిరువళ్లూరు జిల్లాలోని తిరుత్తణి రోగులలో అత్యధికులది టైప్ 2, వారి పూర్వులు ఐరోపావారు కారు. అటువంటి ఫలితాలను ఇక్కడివారికి ప్రమాద సంఖ్యగా మార్చి అమ్మే పరీక్షలకు డబ్బు పోయడం వృథా. ప్రపంచ పరిశోధకులు వాడే 1000 జినోముల భాండారంలో తెలుగువారి నమూనాలున్న మాట నిజమే గాని, అవి బ్రిటన్‌లో ఉన్నవారివి, పైగా ఆ దాతల ఆరోగ్య వివరాలు సేకరించనే లేదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రం (నేటి తమిళనాడు)లోకి వెళ్లినా, చుట్టరికాలు నగరి, పుత్తూరుల వైపు కొనసాగుతూనే ఉన్నాయి. ఈ చుట్టరికాలు మేనరికాలైనప్పుడు ఒకే జన్యురూపం అటూ ఇటూ రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. కాని ఈ వ్యాధి అనేక జన్యువుల కలయిక ఫలితం గనుక దోషాన్ని మేనరికం నెత్తిన రుద్దడం తొందరపాటు. అసలు చిక్కు వేరు: అన్న తిరువళ్లూరులోనూ చెల్లెలు నగరిలోనూ ఉంటే, వారి వైద్యపత్రాలు ఎన్నడూ ఒకచోట చేరవు.

తమిళనాడు 2021లో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం చక్కెర, రక్తపోటు మందులనే కాక, ఇంటివద్దే డయాలిసిస్ చేసుకునేవారికి ద్రవసంచులను కూడా గడపకు చేరుస్తోంది. మూత్రపిండాలు పాడైన రోగి ఇల్లు తెలిసిన ఆ పథకపు కార్యకర్త, చక్కెర వ్యాధి ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరని అడిగి రాసుకుంటే, జన్యుశాస్త్రం ఇంతవరకు ఇచ్చిన అత్యంత ఉపయోగకరమైన సమాచారం ఖర్చు లేకుండా చేతికందుతుంది. ఆల్బుమిన్ తొలి దశలోనే బయటపడితే లోసార్టాన్ వంటి పాత మందులు, పేటెంటు గడువు తీరి చవకైన డపాగ్లిఫ్లోజిన్ వ్యాధి వేగాన్ని తగ్గించగలవు. చెల్లెలి ఊరు నగరి అయినప్పుడు కార్యకర్త రాసుకున్న ఆ వివరాల చీటీ ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య కేంద్రానికి చేరే ఏర్పాటును రెండు ప్రభుత్వాలూ కలిసి చేయవలసి ఉంది.