గల్లాపెట్టె దాకా వచ్చిన బేరం

క్రిందటి దసరాకి రెండు వారాల ముందు, ఒక ఆదివారం రాత్రి అక్క ఫోను చేసింది. సొంత అక్క కాదు. న్యూజెర్సీలో మేం అపార్టుమెంటులో ఉన్న రోజుల నుంచీ తెలిసినావిడ. ఇంటి బేస్‌మెంటులో మంగళగిరి, పోచంపల్లి, ఉప్పాడ చీరలు పెట్టుకుని చిన్న ఆన్‌లైను కొట్టు నడుపుతోంది. "తమ్ముడూ, జనం వస్తున్నారు, చీర ఎంచుకుంటున్నారు, డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి మాయమైపోతున్నారు. నీ సైటులో ఏదో దయ్యం దూరింది, చూడు" అంది.

ఆ సైటు కట్టింది నేనే. చదివింది కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు, చేసేది కన్సల్టింగు. బయట గంటల లెక్కన బిల్లు వేస్తాను, అక్క దగ్గర గోంగూర పచ్చడితో సరిపెట్టుకుంటాను. కాబట్టి ఆ దయ్యం నాదేనని ఒప్పుకోక తప్పలేదు. పైగా నవ్వి ఊరుకునే సంగతి కాదు. పండగ సరుక్కి అక్క అప్పటికే నేతవాళ్ళకి డబ్బు పంపేసింది. దసరా, దీపావళి దాటిపోతే ఆ చీరలు మళ్ళీ పెళ్ళిళ్ళ సీజను దాకా పెట్టెల్లోనే ఉంటాయి.

ఇలా బుట్టలో వేసుకుని కొనకుండా వెళ్ళిపోవడాన్ని మన వృత్తిలో 'అబాండన్‌మెంట్' అంటాం. ఆన్‌లైను కొట్ల మీద ఏళ్ళ తరబడి పని చేస్తున్న డెన్మార్కు సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాల సగటు తీసి, బుట్ట నింపినవారిలో సుమారు 70 శాతం మంది కొనకుండానే వెళ్తున్నారని చెబుతోంది. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఆ 70 శాతం అంతా నష్టం కాదు. విజయవాడలో చీరల కొట్టుకి వెళ్ళిన రోజులు గుర్తు తెచ్చుకోండి. పరుపు మీద యాభై చీరలు పరిపించుకుని, నాలుగు భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుని, "మళ్ళీ వస్తాం లెండి" అని లేచి వచ్చేయడం మామూలే. బుట్టలో వెయ్యడం చాలామందికి భుజం మీద వేసి చూసుకోవడమే. వాళ్ళ సంగతి వేరు. చీర మడత పెట్టించి, గల్లాపెట్టె దాకా వచ్చి, పర్సు తీసి, మళ్ళీ పర్సు మూసేసి వెళ్ళిపోయేవాళ్ళున్నారే, వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు కొందామనే వచ్చారు. మనమే పంపించేశాం.

నేను మొదట చేసిన నిర్వాకం

ఇదంతా ఇప్పుడు తాపీగా చెబుతున్నాను గానీ, ఆ రాత్రి నేను చేసింది వేరు. ఇలాంటి జబ్బులకి మార్కెట్లో రెడీమేడ్ మందులు బోలెడున్నాయి. మూడు బిగించేశాను. బుట్ట వదిలి వెళ్ళినవాళ్ళకి గంటకొకటి, మర్నాడొకటి, మూడోనాడు 10 శాతం తగ్గింపుతో మరొకటి, వెరసి మూడు మెయిళ్ళు. చెకౌట్ పేజీ నెత్తిన "ఈ ధర ఇంకా 10 నిమిషాలే" అని వెనక్కి నడిచే గడియారం. ప్రతి చీర కింద "ఒక్కటే మిగిలింది" అన్న ఎర్రక్షరాలు.

నాలుగు ఆర్డర్లు వెంటనే పెరిగాయి. నా భుజం నేనే తట్టుకున్నాను. వారం తిరక్కుండా కొన్ని విషయాలు బయటపడ్డాయి. మూడో మెయిలుతో తగ్గింపు వస్తుందని పసిగట్టినవాళ్ళు కావాలనే బుట్ట వదిలేసి కాచుకు కూర్చున్నారు. నేతవాళ్ళకీ పోస్టుకీ పోను అక్కకి మిగిలేదే కొద్ది, అందులోంచే ఈ 10 శాతం. ఇంకొకాయన, ఆయనా మనలాంటి ప్రోగ్రామరే, అక్కకి ఉత్తరం రాశాడు: "మేడమ్, పేజీ మళ్ళీ తెరిస్తే మీ గడియారం మళ్ళీ పది నిమిషాల నుంచి మొదలవుతోంది. ఒక్కటే మిగిలిందన్న చీర మా ఇంట్లో ఇద్దరు కొన్నారు."

అక్క కోప్పడలేదు. "నేను అబద్ధం చెప్పి చీర అమ్ముతానా తమ్ముడూ?" అంది, అంతే. ఆవిడ కొనేవాళ్ళంతా గుడిలో, బతుకమ్మ ఆటల్లో, పిల్లల కూచిపూడి క్లాసు దగ్గర ఎదురుపడేవాళ్ళే. ఇరవై మందిలో మాట పోతే ఊరంతా పోయినట్టే. ఆ రాత్రే మూడూ పీకేశాను.

నోరు మూసుకుని చూడటం

తర్వాతి శనివారం అక్క వాళ్ళింట్లో ఐదుగురిని కూచోబెట్టాం. పక్కింటి పిన్నిగారు, గుడి స్నేహితులిద్దరు, కాలేజీ పిల్ల ఒకర్తె, మా ఆవిడ. టీ, పకోడీ అక్కవి. "మీ సొంత ఫోనులో, మీకు నచ్చిన చీర కొనండి" అన్నాం. నాకు అక్క పెట్టిన షరతు ఒక్కటే, నోరు విప్పకూడదు.

ఐదుగురు చాలా అని అనుమానం వస్తుంది. జేకబ్ నీల్సన్ 2000లో ఇదే విషయం మీద రాస్తూ, ఐదుగురు వాడుతుంటే చూస్తే సైటులోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం కనిపిస్తాయని లెక్క చూపించాడు. నాకు ఇద్దరితోనే తల తిరిగింది.

పిన్నిగారికి ముందు లాగిన్ పేజీ అడ్డం వచ్చింది. ఖాతా ఉందో లేదో ఆవిడకి గుర్తు లేదు. కొత్తది తెరవబోతే పాస్‌వర్డులో పెద్దక్షరం, అంకె, ఇంకో వింత గుర్తు కావాలంది. "చీర కొనడానికి తాళంచెవి ఎందుకు బాబూ?" అని ఫోను పక్కన పెట్టేసింది. గుడి స్నేహితుడొకాయన ఇంటిపేరు గడిలో 'కె' అని ఒక్కక్షరం కొట్టాడు. కార్డు మీద ఉన్నదే అది. రెండక్షరాలైనా ఉండాలని సైటు తిప్పికొట్టింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాపానికి వీసా మీద 'ఎఫ్.ఎన్.యూ.' అన్న పేరు మోసుకు తిరిగిన మిత్రులు నాకు అరడజను మంది ఉన్నారు. అయినా ఆ రూలు రాసింది నేనే!

రెండో స్నేహితురాలు కార్డు నంబరుని కార్డు మీద ఉన్నట్టే నాలుగేసి అంకెలకి ఖాళీ ఇస్తూ కొట్టింది. చెల్లదని చెప్పడమే కాక, అప్పటిదాకా నింపిన అడ్రసు కూడా తుడిచేసింది నా ఫారం. కాలేజీ పిల్లకి 'కూపన్ కోడ్' అన్న ఖాళీ గడి కనిపించింది. ఎక్కడో కూపన్ ఉండే ఉంటుందని వెతుక్కుంటూ వేరే సైట్లకి వెళ్ళి, తిరిగి రాలేదు. ఇక మా ఆవిడ అన్నీ దాటుకుని చివరి పేజీకి వచ్చింది. అక్కడ పోస్టు ఖర్చు, ఫాలు, పీకో ఖర్చు కలిసి మొత్తం ఒక్కసారి 22 డాలర్లు పెరిగింది. "ఇది ముందే చెప్పొచ్చుగా" అని ఆగిపోయింది. అక్కంటే ప్రాణం పెట్టే మనిషి, అయినా ఆగిపోయింది. జనం వదిలేసి వెళ్ళడానికి బేమార్డ్ వాళ్ళ సర్వేల్లోనూ ఏటా మొదటి స్థానంలో కనిపించే కారణం ఇదే, చివర్లో తేలే అదనపు ఖర్చులు.

ఏం మార్చాం

మార్పులు పెద్ద విద్యేమీ కాదు. పోస్టు ఖర్చు, ఫాలు, పీకో ధర చీర ఫొటో కిందే రాశాం. ఖాతా లేకుండా కొనొచ్చు. కావాలంటే ఆర్డరు అయ్యాక ఒక్క పాస్‌వర్డుతో తెరుచుకోవచ్చు. దీనికి మన వృత్తిలో పేరుమోసిన కథ ఒకటుంది. జారెడ్ స్పూల్ 2009లో రాశాడు. పేరు చెప్పని ఒక పెద్ద ఆన్‌లైను కొట్టులో 'రిజిస్టర్' బటను తీసేసి, ఖాతా అక్కర్లేదన్న మాటతో 'కంటిన్యూ' బటను పెట్టారట. కొనుగోళ్ళు పూర్తిచేసేవాళ్ళు 45 శాతం పెరిగారు, మొదటి ఏడాది అదనపు అమ్మకం 30 కోట్ల డాలర్లు. ఆ కథ నేను చదివాను, నలుగురికీ చెప్పాను కూడా. అక్క సైటులో మాత్రం లాగిన్ గోడ కట్టాను, టెంప్లేటులో అలాగే వచ్చింది కాబట్టి.

ఇంటిపేరు ఒక్కక్షరమైనా సరే. కార్డు నంబరులో ఖాళీలు తీసేసే పని ప్రోగ్రాముది, మనిషిది కాదు. తప్పు ఎక్కడుందో ఆ గడి పక్కనే చెబుతుంది, మిగతా గడులు చెరపదు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ప్రతి గడికీ సరైన ఆటోకంప్లీట్ విలువ ఇస్తే అడ్రసు బ్రౌజరే నింపుతుంది. ఇన్‌పుట్‌మోడ్ ఇస్తే జిప్ కోడు దగ్గర అంకెల కీబోర్డు వస్తుంది. కూపన్ గడిని చిన్న లింకు వెనక దాచాం. ఆపిల్ పే, గూగుల్ పే, పేపాల్ బటన్లు పైన పెట్టాం. ఒక్క క్లిక్కుతో కొనే పద్ధతి మీద అమెజాన్ 1999లో తెచ్చుకున్న పేటెంటు 2017లో ముగిసింది. అప్పట్లో ఆపిల్ అంతటిది కూడా ఆ పద్ధతికి లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. ఇప్పుడు బేస్‌మెంటు కొట్టుకి కూడా ఆ సౌకర్యం అందుబాటులో ఉంది.

ఏ/బీ టెస్టు చేశారా అని మీలో ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. లెక్క వేసి చూడండి. నూటికి 3 మంది కొంటున్న సైటులో అది 3.5 అయిందని మామూలు నమ్మకంతో తేల్చాలంటే ఒక్కో వైపు ఇంచుమించు 20 వేల మంది కావాలి. అక్క కొట్టుకి అంతమంది వచ్చేసరికి నా జుట్టు నెరుస్తుంది. చిన్న కొట్టుకి గణాంకాలకన్నా పక్కన కూచుని చూడటమే మేలైన పరికరం.

అడ్డంకులన్నీ ఒకటి కావు

అడ్డంకులన్నీ పీకెయ్యమని నేను అనడం లేదు. ఇండియాలో రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైను కార్డు చెల్లింపులకి రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. ఇక్కడినుంచి ఇండియా కార్డు వాడబోయి, ఓటీపీ ఊళ్ళో నాన్న ఫోనుకి వెళితే అర్ధరాత్రి ఆయన్ని లేపిన అనుభవం మనలో చాలామందికి ఉంది. అది విసుగే, కానీ కార్డు యజమానిని కాపాడే విసుగు. అక్క సైటులో నేను పెట్టిన అడ్డంకులు ఎవర్నీ కాపాడలేదు. కొన్ని నా బద్ధకం వల్ల వచ్చాయి, కొన్ని డేటా పోగేసుకోవాలన్న మన అలవాటు వల్ల. ఫోను నంబరు తప్పనిసరి ఎందుకు చేశావని అక్క అడిగితే నా దగ్గర జవాబు లేదు.

"వ్యాపారం వ్యాపారమే, వెంటపడే మెయిళ్ళు పని చేస్తాయి" అని వాదించే మిత్రులున్నారు. పని చేస్తాయి, నేను కళ్ళారా చూశాను. అయితే అవి ఎవరి డబ్బుతో, ఎవరి మాటతో పని చేస్తున్నాయో కూడా చూడాలి. పెద్ద కంపెనీలే చేస్తున్నాయిగా అంటారా? జనాన్ని సరైన అనుమతి లేకుండా ప్రైమ్‌లో చేర్చారని, బయటపడే దారి కావాలనే కష్టం చేశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకి రాజీ పడింది, తప్పు ఒప్పుకోకుండానే. వాళ్ళకి అది భరించగల ఖర్చు. అక్కకి ఒక్క గుడి మెట్ల మీద పోయే మాట చాలు.

ఇప్పుడు అక్క సైటు పంపేది ఒక్కటే మెయిలు: "మీరు ఎంచుకున్న చీర ఇదిగో, పోస్టుతో కలిపి ఇంత అవుతుంది, ఏదైనా ఇబ్బంది ఉంటే ఈ నంబరుకి ఫోను చెయ్యండి." ఆ ఫోన్ల వల్లే ఇంకో రెండు తప్పులు దొరికాయి నాకు.

దీపావళికల్లా పెట్టెలు చాలావరకు ఖాళీ అయ్యాయి. పండగ దగ్గరపడితే అమ్మకాలు ఎలాగూ పెరుగుతాయి కాబట్టి ఆ ఘనత అంతా నాదే అనను. కానీ "ఎలా కట్టాలమ్మా?" అని అక్కకి వచ్చే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. పిన్నిగారు తాళంచెవి లేకుండానే ఒక ఉప్పాడ చీర కొంది. ఇంకో మూడు ఆవిడ బుట్టలో అలాగే పడి ఉన్నాయి. ఉండనివ్వండి, చూసుకుంటోంది.

పగలంతా బ్యాంకులకీ ఇన్సూరెన్సు కంపెనీలకీ పని చేసి, సాయంత్రం తెలిసినవాళ్ళ పచ్చళ్ళ సైటో, నగల సైటో కట్టిపెట్టేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఈ వారాంతంలో ఒక్క పని చెయ్యండి. మీరు కట్టిన కొట్టులో మీ అమ్మగారి చేత ఏదైనా ఒకటి కొనిపించండి, పక్కన నోరు మూసుకుని కూచోండి. ఆవిడ ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. సోమవారం నుంచి మీ పని అదే.