ఆత్మకూరు ఉపయెన్నిక: సంతాపమా, పోటీయా?

పదవిలో నున్న సభ్యుడు మృతినొందగా, ఆతని కుటుంబమువారే యా స్థానమునకు నిలిచినచో ప్రతిపక్షము తొలగిపోవలెనను మర్యాద మన రాష్ట్రమున వేళ్లూనినది. ఇది మృతునియెడ గౌరవమే కావచ్చును; ఓటరుయెడ మాత్ర మన్యాయమని మా యభిప్రాయము.

పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డిగారు 2022 ఫిబ్రవరి 21వ తేదీన హఠాత్తుగా దివంగతులైరి. అప్పటికి వారికి ఏబదియేండ్లే. అన్ని పక్షములవారును విచారించిరి, అది సహజము. ఖాళీయైన స్థానమును ఆరు మాసములలో పూరింపవలెనని శాసనము. కాన జూన్ 23న ఆత్మకూరులో ఎన్నిక జరిగెను. నాడు అధికారమందున్న వైఎస్సార్ కాంగ్రెసు పక్షమున మృతుని సోదరులు విక్రమ్ రెడ్డిగారు నిలిచిరి. తెలుగుదేశము పోటీ మానుకొనెను. నిలిచిన భారతీయ జనతాపార్టీకి ధరావతు సయితము దక్కలేదు.

విక్రమ్ రెడ్డిగారి యాధిక్యము 82,888 ఓట్లు. 2019లో వారి యన్నగారికి వచ్చినది 22 వేల పైచిలుకు. ఈ పెరుగుదలను చూచి మురియుటకు ముందు మరియొక లెక్క చూడవలెను. 2019లో నూటికి 80 మందికి పైగా ఓటువేసిన ఆ నియోజకవర్గమున ఈ పర్యాయము వచ్చినవారు సుమారు 64 మంది. ఫలితము ముందే తెలిసిన పందెమునకు పని మానుకొని పోవువారెవ్వరు?

వెలిగొండల కావలనున్న బద్వేలులోను 2021 అక్టోబరులో ఇట్లే జరిగెను. మృతుని భార్య దాసరి సుధగారు నిలువగా తెలుగుదేశము, జనసేన రెండును తప్పుకొనెను. ఆధిక్యము 90 వేలు దాటెను. అదే సంవత్సరము ఏప్రిల్‌లో, బల్లి దుర్గాప్రసాదరావుగారి మరణముచే ఖాళీయైన తిరుపతి పార్లమెంటు స్థానమునకు మాత్రము గట్టి పోటీ జరిగినది. గురుమూర్తిగారు 2,71,592 ఆధిక్యముతో నెగ్గిరి, పనబాక లక్ష్మిగారు ఓడిరి. అక్కడ నిలిచినది కుటుంబేతరు డన్నమాట నిజమే. పోటీ వలన దుర్గాప్రసాదరావుగారి గౌరవమునకు వచ్చిన లోపమేమో మాకు తోచకున్నది. గెలువలేని ఉపయెన్నికకు ధనవ్యయ మెందుకను లెక్కయే యొక్కొక్కప్పుడు మర్యాద యను పేర చెలామణి యగుచున్నదని కూడ మా యనుమానము.

ఆత్మకూరు, ఉదయగిరి సీమలు మెట్టప్రాంతములు. సోమశిల జలాశయ మున్నది ఆత్మకూరు నియోజకవర్గముననే. పెన్న నీరు తూర్పున డెల్టాకు పారుచుండగా, ఎగువనున్న మెట్టరైతు హైలెవెల్ కాలువకై యెదురుచూచెను. ఆ కాలువ మాట యేమని ప్రభుత్వమును నిలదీయుటకు ఉపయెన్నికకు మించిన యదను లేదు. మంత్రులందరును ఊళ్లు తిరుగు కాలమది. ఆ యదనున ప్రధాన ప్రతిపక్షము ఇంట కూర్చున్నది.

రెండేండ్లు గడచెను. 2024లో పోటీ నిజముగా జరిగినప్పుడు ఆనం రామనారాయణరెడ్డిగారు తెలుగుదేశము పక్షమున నిలిచి, అదే విక్రమ్ రెడ్డిగారిని 7 వేల పైచిలుకు ఓట్లతో ఓడించిరి. ఉదయగిరిలోను అదే కుటుంబమునకు చెందిన రాజగోపాలరెడ్డిగారిపై కాకర్ల సురేష్‌గారు గెలిచిరి. ఈ రైతులే 2022లోను ఓటర్లు. నాడు వారి యెదుట రెండవ త్రోవ లేకుండెను.