ఊపిరి సాధన: చీనా సిద్ధులు, మన నాథులు

ఊపిరిని అదుపులో పెట్టుకొంటే లోపలి శక్తి పెరుగుతుందన్న మాట మనకు కొత్తది కాదు. చీనా పేర్లతో అది మళ్ళీ మన యిళ్ళలోకి రావడమే కొత్త. తావో మతపు ధ్యానమనీ, “చీ” అనీ, “దాన్‌తియన్” అనీ చేతిఫోనులో బొమ్మలతో సహా చూపుతున్నారు. చూసినవారికి చేసి చూద్దామని బుద్ధి పుట్టడం సహజమే.

ఒక సోదరి యీ శీర్షికకు రాసిన సంగతి యిది. ఆమె మామగారికి డెబ్బై యేళ్ళు. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. ఈ మధ్య ఫోనులో చూసి, కళ్ళు చీకట్లు కమ్మేదాకా ఊపిరి బిగబడుతున్నారు. వేళ్ళు జుమ్మంటే “శక్తి మేలుకొన్నదమ్మా” అంటున్నారు. వచ్చే నెలనుంచి మాత్రలు మానేస్తానని కూడా అన్నారు. కాదంటే పెద్దవారికి ఎదురు చెప్పినట్లవుతుంది. ఊరుకొంటే భయంగా వున్నది. ఏం చేయమంటారు, అని ఆమె ప్రశ్న.

ముందు ఆ విద్య యేమిటో చూద్దాము. తావో సాధకులు బొడ్డుకు కొంచెం దిగువన ఒక స్థానం వున్నదంటారు. దాని పేరే దాన్‌తియన్. అంటే ఇంగిలీకపు పొలం అని అర్థం. ఇంగిలీకానికీ ఊపిరికీ సంబంధమేమిటి? పూర్వం చీనాలో ఇంగిలీకంనుంచి పాదరసం తీసి, చావు లేకుండా చేసే గుళిక తయారు చేయాలని పాటుపడ్డారు. అటువంటి మందులు మింగి తాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు ప్రాణం పోగొట్టుకొన్నారని చరిత్రకారులు చెబుతారు. తర్వాతి సాధకులు ఆ గుళికను పొయ్యిమీద కాక దేహంలోనే, శ్వాసతోనూ ధ్యానంతోనూ పండించాలన్నారు. ఊపిరితోపాటు మనసును వెన్ను వెంట పైకి నడిపి, తలమీదుగా ముందువైపు దించి, మళ్ళీ బొడ్డు దగ్గరకు చేర్చడం వారి ముఖ్యసాధన.

ఇది వింటుంటే మన సిద్ధుల సంగతి జ్ఞాపకం రాకమానదు. శ్రీశైలం రసవాదానికి పేరుపడ్డ చోటు. పదిహేనవ శతాబ్దంలో గౌరన కవి “నవనాథ చరిత్రము” అనే ద్విపద కావ్యాన్ని ఆ శ్రీశైలపు భిక్షావృత్తి మఠాధిపతి కోరికమీదనే రాశాడు. మత్స్యేంద్రుడూ గోరక్షుడూ అందులో మనకు తెలుగులో మాట్లాడతారు. మనం స్థిరపడిన యీ మరాఠీ నేలమీదా ఆ నాథుల అడుగులే వున్నవి. గోరక్షుని శిష్యుడు గహినీనాథుడు, ఆయన శిష్యుడు నివృత్తినాథుడు, ఆయన తమ్ముడూ శిష్యుడూ అయినవాడే జ్ఞానేశ్వరుడు. 1290లో నేవాసాలో వెలసిన జ్ఞానేశ్వరి ఆరవ అధ్యాయంలో కుండలిని మేలుకోవడాన్ని ఎంతో విపులంగా వర్ణించారు. మన పొరుగిళ్ళలో పారాయణ చేసేది ఆ గ్రంథమే. అంటే యీ విద్య మన పుట్టింట్లోనూ వున్నది, మెట్టినింట్లోనూ వున్నది.

చీనా వారికీ మనకూ పాత రాకపోకలున్నవి. ఏడవ శతాబ్దంలో కామరూపపు రాజు భాస్కరవర్మ కోరగా, తావో మతపు మూలగ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చే పని హ్యూయన్‌త్సాంగ్‌కు అప్పగించారు. “తావో” అన్న మాటకు “మార్గం” అనాలని ఆయనా, “బోధి” అనాలని తావో పండితులూ వాదించుకొన్నారట.

అయితే రెండు దారులవారూ ఒక హెచ్చరికను మాత్రం మానలేదు. పులినీ ఏనుగునూ మెల్లగా మచ్చిక చేసుకొన్నట్లు ఊపిరిని లొంగదీయాలనీ, తొందరపడితే అదే సాధకుణ్ణి చంపుతుందనీ హఠయోగ గ్రంథాలు చెప్పినవి. దారి తప్పిన సాధనకు చీనావారు “నిప్పు అదుపు తప్పి భూతం దూరడం” అనే అర్థం వచ్చే మాట వాడతారు.

ఇప్పటి వైద్యం యేమంటుంది? ఆరోగ్యవంతుడి నెత్తురులో మామూలు ఊపిరితోనే ప్రాణవాయువు నూటికి 95 పాళ్ళకు పైగా నిండి వుంటుంది. గబగబా పీల్చినందువల్ల అదనంగా చేరేది బహు స్వల్పం. పైగా బొగ్గుపులుసు గాలి ఎక్కువగా బయటికి పోతుంది. దానితో మెదడుకు పోయే రక్తనాళాలు కుంచించుకొని తల తిరుగుతుంది. వేళ్ళూ పెదవులూ జుమ్మంటవి. అది శక్తి మేలుకోవడం కాదు, ఆపమని దేహం చెప్పే మాట. ఇక బిగబట్టి ముక్కితే రక్తపోటు యెగబాకుతుంది.

మెల్లని ఊపిరి సంగతి వేరు. మామూలుగా మనం నిమిషానికి 12 మొదలు 20 సార్లు ఊపిరి తీస్తాము. ఆరుసార్లకు తగ్గిస్తే గుండె నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది, కొందరికి రక్తపోటు కొద్దిగా దిగుతుంది. కొద్దిగానే సుమా! మాత్రకు తోడుగా నిలుస్తుంది గాని మాత్ర బదులు నిలవదు. ఈ విద్యను పరీక్షకు పెట్టే పని మన రాష్ట్రంలోనే 1924నుంచి లోణావళాలో సాగింది. అక్కడ స్వామి కువలయానంద కైవల్యధామాన్ని స్థాపించి, ఆ యేడే “యోగమీమాంస” పత్రికను తెచ్చారు. సాధనను కొలిచి చూడడం అపచారం కాదని ఆ యోగి చూపారు.

కాబట్టి ఆ సోదరికి మా సలహా యిది. సాధన మానమని అనవద్దు. “మామయ్యగారూ, మీరు కూర్చునే ముందూ లేచిన తర్వాతా రక్తపోటు చూసి రాసిపెడతాను, ఆ కాగితం డాక్టరుగారికి చూపిద్దాము. మాత్ర తగ్గించాలో లేదో ఆయన చెబుతారు” అని అడగండి. మాత్రలు హఠాత్తుగా మానితే కొన్ని మందులతో రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, పక్షవాతానికీ దారి తీయవచ్చు. ఈ మాట దాచకుండా చెప్పండి. అవసరమైతే మీ ఆయన చేత చెప్పించండి. పెద్దవారి ప్రాణం కాపాడేందుకు చెప్పిన మాట ఎదురుమాట కాదు.

ఇంటిల్లిపాదీ చేయదగిన పద్ధతి ఒకటున్నది. పొద్దున్నే, ఏమీ తినకముందు, చాపమీదగాని కుర్చీలోగాని వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. అరచేయి బొడ్డు కింద ఆనించండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి. చేయి పైకి లేవాలి. ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. బిగబట్టవద్దు. పది నిమిషాలు చాలు. తల తిరిగితే ఆపి, మామూలుగా ఊపిరి తీయండి. గుండెజబ్బు, అధిక రక్తపోటు, నీటికాసులు, వరిబీజం వున్నవారూ, గర్భిణులూ కపాలభాతి, భస్త్రిక, కుంభకాల జోలికి పోవద్దు. ఇంకా లోతుకు పోదలచినవారు ఫోనును గాక, తమ జబ్బులు అడిగి తెలుసుకొనే గురువును వెతుక్కోవాలి.