పట్టా పుస్తకానికి విలువ లేని వీసా ఫైలు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఖమ్మం మార్కెట్ యార్డు మిర్చి బస్తాలతో నిండిపోతుంది. అదే జిల్లాలోని కారేపల్లి చుట్టుపక్కల రైతులు సరుకు తోలేదీ అక్కడికే. కాంటా అయ్యాక అడ్తిదారు అమ్మకం రసీదు, అంటే తక్‌పట్టీ, రాసిస్తాడు. కమీషను, హమాలీ పోను మిగిలింది రైతు చేతికొస్తుంది. ఏడాది మొత్తంలో బ్యాంకు ఖాతాలో పెద్ద మొత్తం కనిపించేది అప్పుడే. ఆ వెంటనే విత్తనాల బాకీ, పురుగుమందుల బాకీ, పంట రుణం కింద చాలా వరకు ఖర్చయిపోతుంది. ఆ పాసుబుక్కు పల్లెలో ఎవరు చూసినా ఇది మిర్చి డబ్బని ఇట్టే చెప్పేస్తారు. ఐరోపా దేశపు వీసా అధికారికి మాత్రం అందులో వేరే సంగతి కనిపిస్తుంది: నెలల తరబడి ఖాళీగా పడి ఉన్న ఖాతాలోకి, దరఖాస్తుకు సరిగ్గా ముందు, ఒక్కసారిగా లక్షలు వచ్చాయి.

వేసవిలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లి, పనిలో పనిగా నాలుగు ఊళ్లు చూసి రావాలనుకునే తల్లిదండ్రులు ఫైలు పెట్టేది కూడా ఆ నెలల్లోనే. ఎవరి దగ్గరో అప్పు తెచ్చి ఖాతా నింపారన్న అనుమానం అధికారికి కలిగితే, తెలుగు పల్లెల పంటల లెక్క తెలియని మనిషిని తప్పుపట్టలేం. తప్పుపట్టాల్సింది ఆ లెక్క చెప్పే కాగితానికి ఫైలులో చోటు లేకపోవడాన్ని.

లగ్జెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊళ్లో 1985 జూన్ 14న కుదిరిన ఒప్పందం ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. ఒక్క వీసాతో అన్నిటిలోనూ తిరగొచ్చు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకుండా ఉండొచ్చు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ఐర్లండ్, బ్రిటన్ ఇందులో లేవు, వాటి వీసాలు వేరు. 2024లో షెంగెన్ వీసా కోసం భారత్ నుంచి 11 లక్షలకు పైగా దరఖాస్తులు వెళ్లాయి. వాటిలో దాదాపు 1.65 లక్షలు తిరస్కరణకు గురయ్యాయి. అంటే వందకు పదిహేను. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దీనికి దరఖాస్తు కేంద్రం రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, వేలిముద్రల కోసం హైదరాబాద్ ప్రయాణం అదనం. కారేపల్లి నుంచి రాజధానికి రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. దంపతులిద్దరూ స్లాట్ రోజున స్వయంగా హాజరు కావాల్సిందే. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయన్నదొక్కటే ఊరట.

దరఖాస్తు కేంద్రం కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు కాగితాలు తీసుకుంటారంతే. ఇచ్చేదీ, కాదనేదీ ఢిల్లీ, ముంబయి లాంటి నగరాల్లోని రాయబార కార్యాలయాలూ కాన్సులేట్లూ. కాబట్టి దరఖాస్తుదారు మాట్లాడి నచ్చజెప్పే అవకాశం దాదాపుగా ఉండదు. మాట్లాడాల్సింది ఫైలే.

ఆ ఫైలు తేల్చాల్సిన ప్రశ్నలు ప్రధానంగా మూడు. ఎందుకు వెళ్తున్నారు? ఖర్చుకు డబ్బుందా? గడువులోగా తిరిగి వస్తారా? మొదటి రెంటికీ జవాబు సులువే. ఫ్రాన్స్ అయితే హోటల్ బుకింగ్ ఉన్నవారికి రోజుకు 65 యూరోలు, లేనివారికి 120, బంధువుల ఇంట్లో దిగేవారికి 32.50 అని లెక్క కూడా రాసి పెట్టింది. చిక్కంతా మూడోదానితోనే. తిరిగి వస్తాడని నమ్మకం కుదరలేదన్నది తిరస్కరణ పత్రంలో తరచూ కనిపించే కారణం. ఉద్యోగి అయితే జీతం చీటీలు, సెలవు మంజూరు లేఖ, ఆదాయపు పన్ను రిటర్నులు జతచేసి ఈ నమ్మకం కలిగిస్తాడు.

కారేపల్లి పక్కనే ఇల్లెందు బొగ్గు గనులున్నాయి. సింగరేణి కార్మికుడి ఇంట్లో ఈ కాగితాలన్నీ బీరువాలో వరసగా ఉంటాయి. నెలనెలా జీతం ఒకే ఖాతాలో పడుతుంది, ఫారం-16 వస్తుంది, సెలవు లేఖ మీద కంపెనీ ముద్ర ఉంటుంది. అదే ఊరి రైతుకు వీటిలో ఒక్కటీ ఉండదు. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు, అందువల్ల రిటర్ను వేసే అలవాటూ లేదు. పొలానికి సెలవు పత్రం ఎవరిస్తారు?

నిజానికి తిరిగి రావడానికి రైతుకున్నంత బలమైన కారణం మరెవరికుంటుంది? జూన్‌లో తొలకరి పడితే పత్తి గింజ పెట్టాలి, ఆగస్టు వచ్చేసరికి మిర్చి నారు నాటాలి. అదను తప్పితే ఏడాది పోయినట్టే. ఇంటి దగ్గర పాడి గేదెలుంటాయి, కౌలుకు తీసుకున్న చెక్క ఉంటుంది. యాభై ఐదేళ్ల మనిషి ఇవన్నీ వదిలేసి భాష తెలియని దేశంలో దొంగచాటుగా ఉండిపోతాడన్న అనుమానానికి ఆధారం లేదు. కానీ ఇంతటి బంధాన్ని రుజువు చేసే కాగితం ఒక్క పట్టాదారు పాసుపుస్తకమే.

ఏజెన్సీ గ్రామాలకు వెళ్తే ఆ పుస్తకం విలువ కూడా మారిపోతుంది. 1970 నాటి 1/70 నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు దక్కుతుంది తప్ప అమ్ముకోవడానికి వీల్లేదు. గిరిజనుల భూమి నిలబడాలంటే ఈ రెండు రక్షణలూ ఉండి తీరాలి. అయితే ఆస్తుల విలువ కట్టే చార్టర్డ్ అకౌంటెంటుకు మార్కెట్ ధర కావాలి. స్వేచ్ఛగా అమ్మకూడని భూమికి ధర ఎంతని రాస్తాడు? తండాలోని లంబాడా కుటుంబానికో, కోయ గూడెంలోని కుటుంబానికో అయిదెకరాలున్నా నెట్‌వర్త్ సర్టిఫికెట్‌లో అది చిన్న అంకెగానే మిగులుతుంది. స్వేచ్ఛగా అమ్ముకోలేని భూమి ఉన్నవాడే అందరికన్నా ఖాయంగా తిరిగొచ్చే మనిషి అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

రాకపోకలకు ఇన్ని కాగితాలు ఎప్పుడూ అవసరం కాలేదు. కారేపల్లి మండలానికి సింగరేణి అనే పేరుంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాక, 1886లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇక్కడ తవ్వకాల హక్కు పొందింది. ఆ బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి ఇటువైపు రైలు వచ్చింది. అప్పట్లో ఇంగ్లండ్ నుంచి ఈ అడవి అంచుకు వచ్చిన ఇంజనీర్లను బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగే పద్ధతి లేదు. ఇప్పటి తరహా పాస్‌పోర్టు, వీసా కట్టుబాట్లు బిగిసింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే.

కాగితాల్లో మరో గండం పేరూ, పుట్టిన తేదీ. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాసుపుస్తకంలో పొడి అక్షరం, బ్యాంకులో తండ్రి పేరు చేరి మరోలా ఉంటుంది. బడికి వెళ్లని తరంలో చాలామందికి జనవరి 1 పుట్టినరోజు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన తల్లికి రెండు రకాల కాగితాలు. ఈ ముళ్లన్నీ పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే విప్పుకోవాలి. వీసా స్లాట్ వచ్చాక మీసేవ చుట్టూ తిరిగితే సమయం చాలదు.

ఈ సందులోకే ఏజెంట్లు దూరతారు. ఖాతాలో నెల రోజులు డబ్బు నిలబెడతామని, ఎక్కడా లేని కంపెనీలో ఉద్యోగం చూపిస్తామని, ఫలానా దేశం సులువుగా ఇస్తుందని చెబుతారు. ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే దరఖాస్తు చేయాలన్నది నిబంధన. సులువైన దేశమని ఒకచోట పెట్టి మరోచోట తిరిగితే మరుసటి ఫైలులో జవాబు చెప్పుకోవాలి. దొంగ కాగితం దొరికితే ఆ సంగతి ఉమ్మడి వీసా సమాచార వ్యవస్థలోకి ఎక్కుతుంది, 29 దేశాలకూ కనిపిస్తుంది. నిజాయతీగా బతికిన రైతు చేత అబద్ధపు ఫైలు పెట్టించడం కన్నా అన్యాయం లేదు.

ఉన్న కాగితాలతోనే బలమైన ఫైలు కట్టొచ్చు. మూడేళ్ల తక్‌పట్టీలు, సీసీఐకి అమ్మిన పత్తి డబ్బు జమలు, రైతుబంధు నుంచి రైతుభరోసా దాకా సీజన్‌వారీగా పడిన సాయం, పంట రుణం తీర్చిన రసీదులు, వీటన్నిటినీ తేదీల వరుసలో పెట్టి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. ఈ లక్షలు ఎక్కడివో, ఎందుకు మార్చిలోనే వచ్చాయో కవరింగ్ లెటర్‌లో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఆరు నెలల స్టేట్‌మెంట్ అడిగినా రెండేళ్లది పెడితే, పోయిన ఏడూ అదే నెలల్లో అలాగే డబ్బు పడిందని కళ్లకు కడుతుంది. పిల్లలు జర్మనీలో ఉద్యోగం చేస్తుంటే అక్కడి విదేశీయుల కార్యాలయంలో 29 యూరోలు కట్టి ఖర్చుల పూచీ పత్రం తీసుకోవచ్చు. 2023-24 నాటికే 49 వేలకు పైగా భారత విద్యార్థులున్న దేశమది, అక్కడికి వెళ్లాలనుకునే తల్లిదండ్రుల సంఖ్య ఇక పెరిగేదే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు, ఒక్కోసారి నలభై ఐదు దాకా పడుతుంది.

రైతు ఒక్కడే తంటాలు పడితే సరిపోదు. షెంగెన్ వీసా చట్టం స్థానిక పరిస్థితులను బట్టి ఏయే పత్రాలు అడగాలో ఆయా దేశాల్లోని కాన్సులేట్లు కలిసి పరిశీలించాలంటోంది. భారత్‌లో దాదాపు సగం మందికి సాగే ఆధారం. పాసుపుస్తకం, మార్కెట్ రసీదు, పంట రుణ ఖాతా, పోడు పట్టా జీతం చీటీకి సమానమని ఆ జాబితాలో స్పష్టంగా రాయించే పని మన విదేశాంగ శాఖ చేపట్టాలి. పాసుపుస్తకం నకలునూ సాగు ధ్రువీకరణనూ ఇంగ్లిషులో, తహసీల్దారు డిజిటల్ సంతకంతో మీసేవలోనే అందించడం రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద పని కాదు.

తొలి వీసాకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇంకో కారణముంది. మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువును బట్టి అయిదేళ్లది ఇవ్వాలని 2024 ఏప్రిల్ 18న ఐరోపా కమిషన్ నిర్ణయించింది. ఆ వెసులుబాటు అందుకోవాలంటే మొదటి ఫైలు గట్టెక్కాలి. అది తిరస్కరణకు గురైతే కారణం రాసిన పత్రం ఇస్తారు, అప్పీలు హక్కూ ఉంటుంది. ఫ్రాన్స్‌కైతే 30 రోజుల్లో చేసుకోవాలి. జర్మనీ 2025 జూలై 1 నుంచి కాన్సులేట్‌లోనే పునఃపరిశీలన కోరే పద్ధతిని ఎత్తేసింది. ఇక మిగిలింది బెర్లిన్ కోర్టు, లేదంటే మళ్లీ 90 యూరోలు కట్టి కొత్త ఫైలు. ఆ కొత్త ఫైలులోనైనా మిర్చి రసీదులు మొదటి పేజీల్లో ఉండాలి.