పెద్దల సమ్మతి పెద్దలదే

వార్ధక్యంతోపాటు కొన్ని ఇళ్లలో పార్కిన్సన్స్ వ్యాధి కూడా అడుగుపెడుతుంది. చేయి వణుకుతుంది, నడక మందగిస్తుంది, సజ్దా నుండి లేవడం కష్టమవుతుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడమే ఇందుకు మూలం. ఇంటివారు మాత్రం ‘వయసు మీద పడింది, అంతే’ అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకున్న ఇంటి పెద్దలు వైద్యుని వద్దకూ చేరరు, వైద్య పరిశోధనలలో లెక్కకూ రారు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించినప్పుడు ఆయనకు ఆధారమైనవారు ఆరుగురే. వారిలో కొందరిని ఆయన వీధిలోనే చూశాడు. ఈ వ్యాధితో మనిషి ఎలా వృద్ధుడవుతాడో తెలుసుకోవాలంటే నేడు ఎందరినో ఏళ్ల తరబడి గమనించాలి. అందుకు ముందుకు వచ్చేవారు కావాలి.

పాకాలనే తీసుకుందాం. ఆ జంక్షన్ నుండి ఒక రైలు మార్గం తిరుపతి వైపు, మరొకటి కాట్పాడి వైపు పోతాయి. తిరుపతిలో స్విమ్స్, కాట్పాడి దగ్గర వేలూరులో సి.ఎం.సి. ఉన్నాయి. ఇటువంటి పరిశోధనలకు చాలావరకు పెద్ద ఆస్పత్రులకు వచ్చిన రోగులనే ఎంపిక చేస్తారు. కనుక రైలెక్కగలిగినవారు, వెంట వచ్చే మనిషి ఉన్నవారు మాత్రమే పరిశోధకుని కంటపడతారు. గడప దాటలేని దాదీ సంగతి ఎవరికీ తెలియదు. రమజాన్ ఉపవాసాలలో మందు వేళలు ఎలా ఉండాలన్న ప్రశ్నకు, ఉపవాసం పాటించేవారే పాల్గొనకపోతే సమాధానం ఎక్కడ దొరుకుతుంది?

పల్లెకే వెళ్లి వృద్ధాప్యాన్ని పరిశీలించే ప్రయత్నం మన పొరుగునే జరుగుతోంది. మదనపల్లె దాటితే వచ్చే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018లో ఒక అధ్యయనం ఆరంభించింది. అది పార్కిన్సన్స్‌కే పరిమితమైనది కాదు. వయసుతో మెదడు ఎలా మారుతుందో, మతిమరుపు వ్యాధి ఎలా వస్తుందో చూసేది. 45 ఏళ్లు పైబడిన గ్రామీణులను 10,000 మందిని చేర్చుకోవాలన్నది దాని లక్ష్యం.

ఇటువంటి పిలుపు వచ్చినప్పుడు మన ఇళ్లలో జవాబు చెప్పేది ఎవరు? సాధారణంగా కొడుకో, అల్లుడో. ‘ఆయనకేం తెలుస్తుంది, వద్దులెండి’ అని ఒకరంటారు. ‘రాసుకోండి, మందులైనా ఉచితంగా వస్తాయి’ అని మరొకరంటారు. రెండూ అన్యాయమే. ఈ వ్యాధిలో ముఖ కవళికలు తగ్గుతాయి, గొంతు సన్నగిల్లుతుంది, మాట ఆలస్యంగా వస్తుంది. మాట ఆలస్యమైనంత మాత్రాన మనసులో అభిప్రాయం లేదని కాదు. ‘అబ్బా, వీరిలా అడుగుతున్నారు, మీరేమంటారు?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా కూర్చోవడం మన విధి. గ్రహించే శక్తి నిజంగా క్షీణించినప్పుడే వారి తరఫున మరొకరు నిర్ణయించాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు ఈ హక్కుకు రక్షణనిస్తున్నాయి. వివరాలు తెలిసిన భాషలో చెప్పాలి. చదువురాని వారి వద్ద నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు; అందువల్ల మామూలు చికిత్స ఆగకూడదు. సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: నైతిక సంఘం ఆమోదించిందా? రక్తం, స్కానింగ్ వివరాలు ఎవరి వద్ద ఉంటాయి? దారి ఖర్చులు ఇస్తారా? హాని కలిగితే బాధ్యత ఎవరిది?

ఒక్క మాట మరువరాదు. పరిశోధన అంటే చికిత్స కాదు. దానిలో చేరినా, ఉపవాసం పాటించినా, వైద్యుని అడగకుండా మందు ఆపడం, వేళ మార్చడం ప్రమాదకరం. పాల్గొనే వ్యక్తికి లాభం కలగకపోవచ్చు. రాబోయే తరం వృద్ధులకు కలగవచ్చు. అటువంటి దానం చేసే అవకాశాన్ని మన పెద్దల చేతిలో నుండి మనం లాక్కోవద్దు. ఆ చేయి వణుకుతున్నదైనా సరే.